ముగ్గు పోసిన రోజే అడగాలి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో కాలనీ సంఘాల వాళ్లు పెట్టుకున్న సమావేశంలో, మున్సిపల్ కేసులు చూసే ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్లను కూడా కలిపితే ఈ హాల్లో 100 మందికి పైనే ఉన్నాం. ఈ లెక్కతోనే మొదలుపెడతాను. ఇదే సభను మనం మీ వీధిలో షామియానా వేసి పెట్టుకున్నామనుకోండి. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనాన్ని పిలిస్తే కనీసం 3 పనిదినాల ముందు కార్పొరేషన్‌కు తెలియజేయాలి. అక్కడ పోగయ్యే చెత్తను వేరు చేసి అప్పగించే బాధ్యత పిలిచిన వాళ్లదే. 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనల్లో వచ్చిన మాట ఇది. వీధిలో చేసే పెళ్లి భోజనాలకీ వర్తిస్తుంది, చవితి పందిట్లో అన్నసమారాధనకీ వర్తిస్తుంది.

ఇది ముందే తెలిసిన వాళ్లు చేతులెత్తండి. ఇద్దరు... అక్కడ మాస్టారు, ముగ్గురు. ముగ్గురికి తెలిసిన నిబంధనను మిగతా అందరం పాటించాలి, పాటించకపోతే జరిమానా కట్టాలి. తెలియకపోవడం మీ తప్పని నేననను. మన ఊళ్లో నిబంధన జనానికి మొదటిసారి కనిపించేది నోటీసు రూపంలోనే. పాతికేళ్లుగా నా టేబుల్ మీదికి వస్తున్న కాగితాల్లో ఎక్కువ భాగం అలాంటి నోటీసులే. పట్టుకొచ్చే వాళ్ల మొహాలు చూసి చూసి, నోటీసు రాకముందే ఈ విషయాలు నలుగురికీ చెప్పాలనిపించి ఇవాళ మీ పిలుపుకి ఒప్పుకున్నాను.

ముందు ఒక చిక్కుముడి విప్పుకుందాం. మనం అన్నిటినీ కలిపి ‘కార్పొరేషన్ రూల్’ అంటాం. నిజానికి అందులో కార్పొరేషన్ తనంతట తాను చేసుకున్నది చాలా తక్కువ. విశాఖ 1979లో కార్పొరేషన్ అయినప్పుడు మనకంటూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొత్త చట్టం రాయలేదు. హైదరాబాద్ కోసం 1955లో చేసిన మున్సిపల్ కార్పొరేషన్ చట్టాన్నే ఇక్కడికి వర్తింపజేస్తూ ఒక చిన్న చట్టం చేశారు. అందుకే మధురవాడలో మేడ కట్టుకున్న మనిషికి వచ్చే నోటీసులో కూడా ఆ 1955 చట్టం సెక్షన్లే కనిపిస్తాయి. ఆ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం చేసేవి రూల్స్. కౌన్సిల్ తీర్మానించి, ప్రభుత్వం ఆమోదం పొందేవి బైలాస్, అంటే ఉపవిధులు.

ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎన్ని అంతస్తులు వేయొచ్చు అనేవి 2017లో జీవో 119తో వచ్చిన రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు. మీ కార్పొరేటర్ తల్లకిందులుగా తపస్సు చేసినా అందులో ఒక అడుగు తగ్గించలేరు. ఏ స్థలంలో ఇళ్లు, ఏ స్థలంలో పరిశ్రమలు అనేది మన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ వేసే మాస్టర్ ప్లాన్. తీరం వెంబడి ఆంక్షలు కేంద్రం ఇచ్చిన సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్. భీమిలి ఇసుకలో కట్టిన కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాల మీద కూల్చింది దాని కిందే. రాత్రి 10 తర్వాత మైకు ఆపాలన్నది 2000 నాటి కేంద్ర నిబంధన, దాన్ని అమలు చేయాల్సింది పోలీసులు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది ఏడాది పాటు తప్పు గుమ్మం తట్టి వచ్చినవాళ్లే. మైకు గురించి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి, సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ గురించి కార్పొరేటర్‌కి అర్జీలు పెట్టుకుని, ఎవరూ పట్టించుకోలేదని బాధపడుతూ వస్తారు.

చెత్త విషయం చూడండి, గొలుసు ఎలా ఉంటుందో తెలుస్తుంది. కేంద్రం 2016లో నిబంధనలు చేసింది. వాటికి తగ్గట్టు ఒక్క ఏడాదిలో ప్రతి పట్టణమూ సొంత బైలాస్ రాసుకోవాలని అందులోనే చెప్పింది. అంటే ఎవరింటి ముందు ఎంత జరిమానా, ఎంత రుసుము అన్నది ఊరి కౌన్సిల్ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. మరి మన ఊళ్లో అప్పుడు కౌన్సిల్ ఉందా? 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. మధ్యలో 9 ఏళ్లు ఇంత పెద్ద నగరానికి ఎన్నికైన కౌన్సిల్ లేదు. ప్రత్యేకాధికారుల పాలనలో రోడ్లు పడ్డాయి, దీపాలు వెలిగాయి, కాదనను. కానీ ఊరి నిబంధనల మీద ఊరివాళ్లు ఎన్నుకున్న మనుషులు వాదించుకునే బల్ల ఖాళీగా ఉండిపోయింది. జనం ముందు చర్చ జరగని నిబంధన జనానికి ఎలా తెలుస్తుందండీ?

ఇక అసలు విషయానికి, ఇల్లు కట్టడానికి వస్తాను. నా గోడు అంతా ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి.

మీ పక్క స్థలంలో ఇల్లు మొదలైంది. ఒకరోజు పొద్దున్నే మేస్త్రీ వచ్చి మేకులు దిగ్గొట్టి, పురికొస లాగి, ముగ్గు పోస్తాడు. ఆ ముగ్గు గీత ప్లానులో చూపిన చోట ఉందా, మీ గోడవైపు రెండడుగులు జరిగిందా అన్నది ఆ పూటే తెలిసిపోతుంది. ఆ పూట ఎవరైనా వచ్చి టేపు పట్టి చూసి, ‘బాబూ, గీత ఇక్కడ కాదు, లోపలికి జరుపు’ అంటే తప్పు దిద్దడానికి అయ్యే ఖర్చు ఎంత? గుప్పెడు ముగ్గు. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ కక్ష లేదు.

మరి జరుగుతున్నదేమిటి? ముగ్గు పోసిన రోజు ఎవరూ రారు. పిల్లర్లు లేచినప్పుడు టౌన్ ప్లానింగ్‌లో కింది ఉద్యోగి చైన్‌మన్ వచ్చి చూసి వెళతాడు. మొదటి శ్లాబు పడ్డాక పక్కింటాయనకి తన కిటికీలోంచి గాలి రావడం లేదని తెలుస్తుంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తాడు. అర్జీ జోన్‌కు వెళ్లి, తనిఖీకి మనిషి వచ్చేసరికి రెండో శ్లాబు. అప్పుడు నోటీసు. నోటీసుకు జవాబు, జవాబు మీద ఉత్తర్వు, ఉత్తర్వు మీద కోర్టులో స్టే. ఈలోగా మూడో శ్లాబు పడి, గృహప్రవేశం అయిపోయి, పై వాటాలో అద్దెకు మనుషులు దిగిపోతారు. ఇప్పుడు ఆ రెండడుగులు సరిచేయాలంటే పిల్లర్ తీయాలి. పిల్లర్ తీస్తే ఇల్లు నిలబడదు. గుప్పెడు ముగ్గుతో పోయేది ఒక కుటుంబం కష్టార్జితం మీదికి వచ్చింది. నిబంధన అదే, ఒక్క అక్షరం మారలేదు. మారింది అమలు చేసిన రోజు.

నోటీసుల సంగతి కూడా చెప్పాలి. నోటీసు అనగానే జనం హడలిపోతారు, లేదా చించి పారేస్తారు. రెండూ తప్పే. ఇందాక చెప్పిన 1955 చట్టంలో మూడు సెక్షన్ల అంకెలు గుర్తుపెట్టుకోండి, కావాలంటే ఫోన్లో రాసుకోండి. 452, 461, 636. కూల్చడానికి ఎందుకు పూనుకోకూడదో చెప్పమని అడిగేది 452 మొదటి భాగం. అది సంజాయిషీ నోటీసు, తీర్పు కాదు. మీరిచ్చిన జవాబు చూసి, లేదా జవాబు రాకపోవడం చూసి, అదే సెక్షన్ రెండో భాగం కింద నిర్ధారణ ఉత్తర్వు ఇస్తారు. 461 అంటే పని ఆపమని. ఇంత చెప్పినా యజమాని తీయకపోతే కార్పొరేషనే తీయించి ఖర్చు యజమాని దగ్గర వసూలు చేసుకునేది 636. అంటే మొదటి కాగితానికీ జేసీబీకీ మధ్య మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టు మీదా మీరు మాట్లాడటానికి జాగా ఉంది. మొదటి నోటీసుకు జవాబు ఇవ్వకుండా వదిలేసి చివరి కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చే వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. జవాబు రాయడానికి లాయరే అక్కర్లేదు. మీ ప్లాను నకలు, పర్మిట్ నంబరు జతచేసి, తెలుగులో, మీ మాటల్లో రాసినా చాలు.

ఈ మెట్లకు సుప్రీంకోర్టు 2024లో ఇంకొంచెం గట్టి కట్టు కట్టింది. నవంబర్ 13న వచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడం మీద అంటించాలి. యజమాని చెప్పుకునేది స్వయంగా వినాలి. ఉత్తర్వు వచ్చాక కూడా తనంతట తాను తీసుకోవడానికి, లేదా అప్పీలుకు వెళ్లడానికి 15 రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. ఇవి పాటించని అధికారి సొంత డబ్బుతో నష్టం పూడ్చాల్సి ఉంటుందని కూడా అందులో ఉంది. అయితే ఒక్కటి మరిచిపోకండి. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువులాంటి నీటి తావుల మీద అనధికారంగా కట్టినవాటికి ఈ రక్షణ లేదు.

నెల దాటిన కొద్ది రోజులకే, డిసెంబర్ 17న, అదే కోర్టులో మరో ధర్మాసనం ఇంకో తీర్పు చెప్పింది. మీరట్‌లో ఇళ్లస్థలంలో కట్టిన దుకాణాల కేసు అది. ఎన్నేళ్లు గడిచినా, ఎంత డబ్బు పోసినా అక్రమ కట్టడం సక్రమం కాదంది. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ ఇవ్వాలంది. మనలాంటి వాళ్లకు బంగారంలాంటి మాట ఇంకొకటి చెప్పింది. పని నడుస్తున్నన్నాళ్లూ మంజూరైన ప్లాను ఆ స్థలం దగ్గర కనిపించేలా పెట్టాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఎప్పుడెప్పుడు వచ్చాడో రాసి ఉంచాలి. ఇవాళ ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో ఎన్ని కట్టడాలు కనిపిస్తాయో చూడండి. ప్లాను ఎన్నిటి ముందు ఉందో లెక్కపెట్టండి.

ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి ఎదురని కొందరంటారు. ఒకటి కూల్చొద్దంటుంది, ఒకటి కూల్చమంటుంది అని. నాకలా అనిపించదు. తొందరపడి కూల్చొద్దు, కానీ చూస్తూ కూర్చుని తర్వాత మాఫీ చేయొద్దు అని రెండూ కలిపి చదువుకుంటాను. మనకు అలవాటైంది సరిగ్గా దీనికి తిరగబడ్డ పద్ధతి. చూస్తూ ఊరుకుంటాం, తర్వాత ఎవరిదో ఒకరిది తీసి చూపిస్తాం, ఆ తర్వాత మిగతా అందరిదీ డబ్బు కట్టించుకుని సక్రమం చేస్తాం. 2007లో బీపీఎస్, అంటే అపరాధ రుసుముతో అక్రమ కట్టడాల్ని క్రమబద్ధం చేసే పథకం వచ్చింది. అప్పుడు ఇదే ఆఖరన్నారు. 2015లో మళ్లీ వచ్చింది. 2019లో మళ్లీ వచ్చింది. దాంతో ప్లాను ప్రకారం కట్టినవాడు వెర్రివాడైపోయాడు. ‘కట్టేయండి సార్, బీపీఎస్ వస్తుంది కదా’ అని ఇంటి యజమానికి మేస్త్రీలే ధైర్యం చెబుతుంటే నా చెవులతో విన్నాను. క్రమబద్ధీకరణ వల్ల ఖజానాకు డబ్బు వస్తుంది నిజమే. సందులో ఫైరింజన్ తిరగడానికి చోటు మాత్రం దాని వల్ల రాదు.

కూల్చడం సంగతి కూడా చూడండి. మన రాష్ట్రంలో ఏ ఊరికైనా వెళ్లండి, అదనపు అంతస్తు తీసేశామని చెప్పడానికి శ్లాబుకు రెండు కన్నాలు పెడతారు, ఫొటో తీస్తారు, వెళ్లిపోతారు. వారానికి ఆ కన్నాల్లో సిమెంటు నింపేస్తారు. ఫైల్లో ‘చర్య తీసుకోబడినది’ అని ఉంటుంది. కన్నం పెట్టిన శ్లాబు కింద పిల్లలు పడుకుంటారన్న ఆలోచన ఎవరికీ ఉండదు. నాకు దీనికంటే పెద్ద అన్యాయం కనిపించదు. తీయాల్సిందైతే తీయండి, ఉంచాల్సిందైతే ఉంచండి, సగం చంపి వదలడం ఏమిటి?

ఈ ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో ఒక్క కేసు చెబుతాను. పేర్లు, చోటు చెప్పను. భార్యాభర్తలిద్దరూ రిటైరైన వాళ్లు. పీఎఫ్ డబ్బంతా పోసి ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నారు. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను రశీదు కూడా వాళ్ల పేరునే వచ్చింది. ఇంక ఏం కావాలనుకున్నారు. మూడేళ్లకు నోటీసు. ఆ అంతస్తుకు అనుమతే లేదు. బిల్డర్ ఎప్పుడో లెక్కలు తేల్చుకుని వెళ్లిపోయాడు. నోటీసు మీద పేరు ఎవరిది? ఉన్నవాళ్లది. ఆమె నా టేబుల్ మీద పన్ను రశీదులు వరసగా పేర్చి, ‘బాబూ, తప్పుడుదైతే పన్నెందుకు కట్టించుకున్నారు’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ చట్టంలో జవాబు కఠినంగా ఉంటుంది. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా జరిమానా కలిపి వేస్తారు. పన్ను రశీదు అనుమతి పత్రం కాదు. రిజిస్ట్రేషన్ కూడా కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఒక్కటే ఆ మాట చెప్పగలదు.

ఒక పరిమాణం దాటిన భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు అందులో పదో వంతు విస్తీర్ణాన్ని కార్పొరేషన్ తన పేర తాకట్టు పెట్టించుకుంటుంది. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయి, ఆక్యుపెన్సీ వచ్చాకే దాన్ని విడిపిస్తుంది. కొనబోయే ఫ్లాటు ఆ తాకట్టు వాటాలో ఉందా అని అడిగేవాళ్లు ఎంతమంది? వాస్తు అడుగుతాం, పార్కింగ్ అడుగుతాం. ఇది అడగం. ఆ దంపతుల కేసు ఇంకా నడుస్తోంది. అంతకుమించి చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు గెడ్డల గురించి. విశాఖ మనిషికి గెడ్డ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. మూడు పక్కలా కొండలు, ఒక పక్క సముద్రం. కొండ మీద పడ్డ వాన గెడ్డ పట్టుకుని కిందికి రావాల్సిందే. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, హనుమంతవాక గెడ్డ... ఇవన్నీ ఒకప్పుడు ఇసుక మేటలతో, ఎండాకాలం నడిచి దాటే వెడల్పాటి వాగులు. ఇప్పుడు చాలాచోట్ల వాటిని కాలవలు అంటున్నాం. మురికి చేశాక పేరు కూడా మార్చేశాం. భవన నిబంధనల్లో వీటికి చోటుంది. 10 మీటర్ల దాకా వెడల్పున్న వాగు, కాలవ, వాననీటి డ్రెయిన్ హద్దు నుంచి 2 మీటర్లు వదలాలి. 10 మీటర్లు మించితే 9 మీటర్లు. ఆ జాగాలో గోడ కూడా లేపకూడదు. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి. ఇక్కడ మెలిక ‘హద్దు’ అన్న మాటలో ఉంది. గెడ్డలో రెండు లారీల మట్టి పోస్తే హద్దు జరుగుతుంది. జరిగిన హద్దు నుంచి 2 మీటర్లు వదిలి, నిబంధన పాటించామని చూపిస్తారు. పాత సర్వే పటం, పొలం కొలతల పుస్తకం ఎఫ్ఎంబీ తీసి చూడకుండా గెడ్డ హద్దు తేల్చకూడదని నేను ప్రతి కేసులోనూ మొత్తుకుంటాను.

ఇది చెప్పే అర్హత నాకెక్కడిదని మీరు అడగొచ్చు. మా సొంతింటి సంగతి కూడా చెబుతాను. మర్రిపాలెం వైపు మా నాన్నగారు కట్టిన ఇల్లు. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా స్కూటర్ ఎక్కించడానికి ర్యాంపు పెంచుకుంటూ పోయాం. అది పూర్తిగా ఇంటి ముందు కాలవ మీద ఉంది. నేను లాయరునై, పదేళ్లు ఇంకొకళ్ల ఆక్రమణల మీద వాదించాక కూడా నా గుమ్మం ముందున్నది నాకు ఆక్రమణలా కనిపించలేదు. ఒక వానాకాలం పూడిక తీసే పనివాడు గునపం పట్టుకుని, ‘బాబూ, నీ ర్యాంపు కింద సెయ్యి కూడా దూరదు, మట్టి ఎలాగ తియ్యాల?’ అని అడిగాడు. మా పైవీధిలో ఇళ్లలోకి నీళ్లు ఎందుకొస్తున్నాయో అప్పుడర్థమైంది. మర్నాడే పగలగొట్టించి, తీసి పెట్టుకునే ఇనుప జల్లెడ వేయించాను. ఆ పైవీధి వాళ్లకు నేను ఇప్పటికీ బాకీ ఉన్నాననే అనుకుంటాను. మీలో ఎంతమంది ఇళ్లముందు ర్యాంపులు కాలవల మీద ఉన్నాయో చేతులెత్తమని అడగను. ఇంటికెళ్లి చూసుకోండి చాలు.

పంచగ్రామాల నుంచి వచ్చిన వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, అక్కడ. అడివివరమా? వేపగుంటా? మీ విషయం వేరు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం తేలక, తాతల నాటి నుంచి ఉంటున్న వాళ్లకు కూడా అనుమతులు దొరకని చోటు అది. పైకప్పు కారుతుంటే రేకు మార్చుకోవడం కూడా నేరంలా మారింది. నిబంధన పాటించే దారి తెరిచి ఉంచి, పాటించని వాణ్ని శిక్షించాలి. దారే మూసేసిన చోట శిక్షకు బలం ఉండదు. అది కోర్టుల్లో, ప్రభుత్వంలో తేలాల్సిన విషయం, వార్డు ఆఫీసులో తేలదు. ఇంతకుమించి ఇవాళ దానిలోకి వెళ్లను.

వీధి వ్యాపారుల గురించి చెప్పకుండా మాత్రం ముగించను. కాలనీ సంఘాల వాళ్లు ఎక్కువగా ఇచ్చే అర్జీ ‘బళ్లు తీయించండి’ అనే. రోడ్డు అందరిదీ, నడిచేవాడికి దారి కావాలి, ఒప్పుకుంటాను. ఇందాక చెప్పిన 15 రోజుల రక్షణ రోడ్డు మీది వాటికి లేదన్నాను కదా, అది విని ఎవరైనా ‘అయితే బళ్లను ఎప్పుడైనా లాగేయొచ్చు’ అనుకుంటే పొరపాటు. వాళ్లకు సొంత చట్టమే ఉంది, 2014లో పార్లమెంటు చేసింది. ముందు సర్వే చేసి, ఉన్నవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఇంకో చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు. టౌన్ వెండింగ్ కమిటీలో కమిషనర్ అధ్యక్షుడు, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సరుకు పట్టుకెళితే జాబితా రాసివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు ఆ రోజే, పాడవని సరుకు 2 పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మకి, పూర్ణామార్కెట్ బయట తట్ట పెట్టుకునే అమ్మకి ఈ జాబితా సంగతి ఎవరు చెప్పారు? నిబంధన అంటే కాలనీవాళ్ల చేతిలోని కర్ర మాత్రమే అయితే అది ఎక్కువ రోజులు నిలవదు. ఆమెకిచ్చిన నిబంధనను కూడా మనమే అడగాలి. అప్పుడు మన వీధిలో దారి గురించి అడిగినప్పుడు మన మాటకు విలువ ఉంటుంది.

డబ్బు లేదు, మనుషులు లేరు అని ఆఫీసుల్లో తరచూ వింటాం. నిజంగానే సిబ్బంది తక్కువ. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులుగా చేరిన పిల్లలు ఒక పక్క జనం, ఒక పక్క నాయకుల ఫోన్లు, మధ్యలో నలిగిపోతున్నారు. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ 1980లోనే సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో ఒక మాట తేల్చేసింది. మురుగు కాలవల వాసన భరించలేక అక్కడి జనం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళితే, నిధులు లేవని మున్సిపాలిటీ అంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. ప్రజల ఆరోగ్యం విషయంలో డబ్బు లేదన్నది సాకు కాదన్నారు. ఆ జనం వాడుకున్న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సీఆర్‌పీసీ 133వ సెక్షన్ ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. వీధిలో అందరికీ ఇబ్బంది కలిగించే దాన్ని తీయించడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ముందు వరసలో ఒక మహిళ: మా పక్కన వచ్చే వారం శంకుస్థాపన. గొడవ పడకుండా ఎలా అడగాలి?)

చాలా మంచి సమయంలో అడిగారమ్మా. శంకుస్థాపనకు పిలుస్తారుగా, వెళ్లండి. పసుపు, కుంకుమ తీసుకుని, ‘అన్నయ్యగారూ, ప్లాను ఒకసారి చూపిస్తారా, మా గోడ వైపు ఎంత వదులుతున్నారు’ అని నవ్వుతూ అడగండి. నూటికి ఎనభై మంది చూపిస్తారు. చూపించకపోతే పర్మిట్ నంబరు అడగండి. అదీ చెప్పకపోతే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి ఒక కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ‘అక్రమం జరుగుతోంది’ అని రాయకండి, మీకింకా తెలియదు. ‘మార్కింగ్ రోజు కొలతలు సరిచూడవలసిందిగా కోరుతున్నాను’ అని రాయండి. ప్లాను నకలు కావాలంటే సమాచార హక్కు కింద అడగొచ్చు, జవాబుకు 30 రోజులు. అందుకే ఇప్పుడే వేయండి, శ్లాబు పడ్డాక కాదు.

(మధ్యలోంచి ఒకరు: పాత కక్షలతో ఊరికే అర్జీలు పెట్టేవాళ్ల సంగతేంటి?)

ఉన్నారండీ, నా క్లయింట్లలోనే ఉన్నారు. ఫిర్యాదు వస్తేనే కదిలే వ్యవస్థలో జరిగేది అదే. వీధిలో పది ఇళ్లకు అదే తప్పుంటే, ఎవరితో ఎవరికి మాటల్లేవో ఆ ఒక్క ఇంటికే నోటీసు వస్తుంది. మిగతా తొమ్మిది కిటికీల్లోంచి చూస్తాయి. మందు ఒకటే ఉంది. తనిఖీ అర్జీ కోసం ఎదురుచూడకూడదు. పునాది దగ్గర, ప్రతి శ్లాబు దగ్గర, అందరికీ ఒకేలా జరగాలి. మీ సంఘాలు ఒక తీర్మానం చేసి, మీ కాలనీలో ఈ ఏడాది ఇచ్చిన అనుమతులన్నిటి జాబితా అడగండి. ఒకరి పేరు ఎత్తకుండా మొత్తం జాబితా అడిగితే అందులో కక్ష ఉండదు.

(వెనకనుంచి ఒక పెద్దాయన కాగితం పట్టుకుని లేచారు: నాకు ఇది వచ్చింది బాబూ. ఏటి రాసేరో తెలీడం లేదు.)

ఇలా ఇవ్వండి తాతగారూ, మైకు దగ్గరికి రానక్కర్లేదు, నేనే వస్తాను... 452 ఒకటి. ఇది మొదటి కాగితమే, కంగారు పడకండి. దీని మీద తారీఖు 9వది ఉంది. మీ చేతికి ఎప్పుడు వచ్చింది? శుక్రవారమా? సంతకం పెట్టి తీసుకున్నారా, గుమ్మానికి అంటించారా? అంటించి వెళ్లారు, మంచిది, అంటించిన ఫొటో ఎవరైనా తీశారా? మనవడు తీశాడా, ఆ ఫొటో చెరపొద్దని చెప్పండి. మీ ప్లాను ఉందా? ట్రంకుపెట్టెలో ఉందా? సరే. రేపు పొద్దున పదింటికి ప్లాను, పన్ను రశీదులు, ఈ కాగితం, మూడూ పట్టుకుని రండి. జవాబు మనం ఇద్దరం కూర్చుని రాద్దాం. రాసింది జోనల్ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు ఇంటికి తీసుకెళ్లండి. దాన్ని కూడా ఆ ట్రంకుపెట్టెలోనే పెట్టండి, ప్లాను పక్కన.